రిలీజ్ డేట్ ఎప్పుడు చెప్పాలి, అప్‌డేట్లలో ఏం రాయాలి: చిన్న గేమ్ స్టూడియోకి నా సమాధానం

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. హైదరాబాద్‌లో నలుగురు కలిసి పీసీ కోసం ఒక 2డీ యాక్షన్ ప్లాట్‌ఫార్మర్, అంటే దూకుతూ అడ్డంకులు దాటే గేమ్, చేస్తున్నారు. పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో పేజీ పెట్టి కొన్ని నెలలైంది. విష్‌లిస్టులు, అంటే కొనాలనుకుని గేమ్‌ను గుర్తుపెట్టుకున్నవాళ్ళ లెక్క, మెల్లగా పెరుగుతున్నాయి. మీ డిస్కార్డ్ చాట్ గ్రూపులో ‘రిలీజ్ ఎప్పుడు బ్రో’ అన్న ప్రశ్న ఆగడం లేదు. మీ టీమ్‌లో ఒకరు ‘సంక్రాంతికి రిలీజ్’ అని ఇప్పుడే ప్రకటించేద్దాం అంటున్నారు. ఇంకొకరు ఏడాదిలో ఏమేం చేస్తామో చెప్పే రోడ్‌మ్యాప్‌ని బొమ్మ గీసి పెడదాం అంటున్నారు. మీకేమో గేమ్ పూర్తయ్యేదాకా నోరు మెదపకుండా పని చేసుకోవడమే మేలనిపిస్తోంది. ముగ్గురిలో ఎవరిది రైటు అని అడిగారు.

ముగ్గురిదీ కాదంటాను. తేదీ ఇప్పుడు చెప్పొద్దు. రోడ్‌మ్యాప్ బయట పెట్టనే పెట్టొద్దు. అలాగని మూగగా కూర్చోవద్దు. క్రమం తప్పకుండా అప్‌డేట్లు రాయండి, కానీ వాటిలో ఇప్పటికే గేమ్‌లో నడుస్తున్నదే చూపించండి. ‘చేశాం’ అని రాయగలిగింది రాయండి, ‘చేస్తాం’ అనేది మీ నలుగురి మధ్యే ఉంచుకోండి. చిన్న టీముల మధ్య చాలాకాలంగా ఉన్నాను, గేములు బయటికి పంపడంలో చేయి వేశాను. ఈ ఒక్క విషయంలో మాత్రం నా అభిప్రాయం ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడిందే తప్ప సడలలేదు. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను, పెద్దదైనా ఓపిగ్గా చదవండి.

ముందు అప్‌డేట్ల సంగతి. ఈ విషయంలో మీరు చూడాల్సిన స్టూడియో ప్రాగ్‌లోని వూబే సాఫ్ట్‌వేర్. ఫ్యాక్టరీలు కట్టే గేమ్ ‘ఫ్యాక్టోరియో’ చేసినవాళ్ళు. 2013 నుంచి ‘ఫ్రైడే ఫ్యాక్ట్స్’ పేరుతో శుక్రవారం శుక్రవారం ఒక పోస్టు రాస్తూ వచ్చారు. అప్పటికి వాళ్ళది చేతివేళ్ళ మీద లెక్కపెట్టే టీమ్. ఆ పోస్టులు తెరిచి చూడండి. ‘అద్భుతమైన అనుభవానికి సిద్ధంగా ఉండండి’ లాంటి వాక్యం ఎక్కడా దొరకదు. ఒక సమస్య, అది ఎందుకు వచ్చింది, ఏమేం ప్రయత్నించారు, చివరికి ఏం చేశారు, పక్కన కదిలే బొమ్మ. అంతే.

ఒక ఉదాహరణ చెప్తాను. ఆ గేమ్‌లో నీళ్ళు, నూనె పైపుల్లో పారతాయి. పాత పద్ధతిలో పైపు ముక్కలు ఏ వరసలో కట్టారన్నదాన్ని బట్టి కూడా ప్రవాహం మారిపోయేది. చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు పైపులైన్లు రెండు రకాలుగా పనిచేసేవి. ఆటగాళ్ళు దీని మీద ఏళ్ళ తరబడి పరిశోధనలు చేసి పట్టికలు తయారు చేసుకున్నారు. 2024లో వూబే వాళ్ళు ఆ పాత లెక్కను తీసేసి కొత్తది పెట్టారు. ఆ విషయం రాసిన పోస్టులో పాతది ఎందుకు అలా ఉండేదో, దాన్ని బాగుచేయబోయిన ప్రయత్నాలు ఎక్కడ ఆగాయో, కొత్తదానిలో దేన్ని కావాలనే వదులుకున్నారో అన్నీ చెప్పారు. అది చదివినవాడికి ‘వీళ్ళకి వాళ్ళ గేమ్ తెలుసు’ అన్న నమ్మకం కుదురుతుంది. అప్‌డేట్ చేయాల్సిన పని అదే. ఉత్సాహం పుట్టించడం ట్రైలర్ పని.

వాళ్ళ దగ్గర ఇంకో విషయం నేర్చుకోవాలి. 2021లో ఎక్స్‌పాన్షన్ (గేమ్‌కి చేర్చే పెద్ద అదనపు భాగం) చేస్తున్నాం అని చెప్పారు గానీ అందులో ఏముందో చాలాకాలం చెప్పలేదు. పని ఒక కొలిక్కి వచ్చాక, 2023 ఆగస్టులో ‘స్పేస్ ఏజ్’ అని పేరు చెప్పి, మళ్ళీ వారం వారం రాయడం మొదలుపెట్టారు. 2024 అక్టోబరు 21న అది వచ్చింది. ఆ మధ్యకాలంలో వాళ్ళు చూపించినవి చాలావరకు అప్పటికే తయారై వాళ్ళ కంప్యూటర్లలో నడుస్తున్నవే. అంటే రాయడానికి సరుకు ముందే చేతిలో ఉంది. వారం వారం రాయగలిగింది అందుకే.

మీరు వారం వారం రాయనక్కర్లేదు. నలుగురి టీమ్‌కి నెలకొకటి చాలు. అంతకన్నా ఎక్కువైతే రాసేవాడి పని దెబ్బతింటుంది, మీ టీమ్‌లో రాసేవాడే లెవెల్ డిజైన్ కూడా చేస్తుంటాడని నా ఊహ. కానీ నెలకొకటి అనుకుంటే మాత్రం నెల తప్పకండి. నేను చూసినంతలో పబ్లిషర్ల తరఫున గేములు వెతికేవాళ్ళు ట్రైలర్ చూశాక చూసేది చివరి అప్‌డేట్ ఎప్పటిదన్నదే. ఏడు నెలల కింద ఆగిపోయి ఉంటే, గేమ్ ఆగిపోయిందని అనుకుని ట్యాబ్ మూసేస్తారు. స్ట్రీమర్లూ అంతే.

నెల అప్‌డేట్ ఎలా ఉండాలో చెప్తాను. చిన్న టీముల పోస్టుల్లో మామూలుగా కనిపించేది ఇలా ఉంటుంది: ‘హాయ్ ఫ్రెండ్స్, మేము చాలా కష్టపడుతున్నాం. త్వరలో కొత్త బాస్‌లు, కొత్త ఆయుధాలు రాబోతున్నాయి. కో-ఆప్ గురించి కూడా ఆలోచిస్తున్నాం. వేచి ఉండండి!’ ఇందులో చదివినవాడి చేతికి వచ్చిందేమీ లేదు. పైగా మూడు అప్పులు చేశారు. కో-ఆప్, అంటే కొందరు కలిసి ఆడటం గురించి మీరు ఆలోచిస్తున్నారంతే, చదివినవాడు మాత్రం కో-ఆప్ ఉంటుందనే గుర్తుపెట్టుకుంటాడు. రిలీజ్ రోజున రివ్యూల్లో ‘కో-ఆప్ ఏది?’ అని అడుగుతాడు.

దీనికి బదులు ఇలా రాయండి: ‘ఈ నెలంతా జంప్ మీద పనిచేశాం. డెమో ఆడినవాళ్ళలో చాలామంది అంచు దగ్గర బటన్ నొక్కినా పాత్ర ఎగరకుండా కింద పడిపోతోందన్నారు. రికార్డింగులు ఫ్రేమ్ ఫ్రేమ్‌గా చూశాం. అంచు దాటిన తర్వాత రెండు మూడు ఫ్రేములకు బటన్ నొక్కుతున్నారు, ఆడేవాడి కంటికి మాత్రం ఇంకా అంచు మీదే ఉన్నట్టుంటుంది. అందుకని అంచు దాటాక ఆరు ఫ్రేముల వరకు, అంటే సెకనులో పదో వంతు వరకు, జంప్ పనిచేసేలా మార్చాం. ఎడమవైపు పాతది, కుడివైపు కొత్తది.’ కింద ఐదు సెకన్ల జిఫ్ రెండు పక్కపక్కన. ప్లాట్‌ఫార్మర్లు చేసేవాళ్ళు కయోటీ టైమ్ అనేది ఇదే, మీకు తెలిసిందే. కానీ మీ డిస్కార్డ్‌లో ఉన్న కాలేజీ కుర్రాడికి తెలియదు. అతను ఆ జిఫ్‌ను నలుగురికి పంపిస్తాడు. మరీ ముఖ్యంగా, ‘మేం చెప్పింది వింటున్నారు’ అనుకుంటాడు. ఇందులో ఒక్క వాగ్దానం లేదని గమనించండి.

స్క్రీన్‌షాట్ కన్నా కదిలే బొమ్మ ఎప్పుడూ మేలు. లోగోతో మొదలుపెట్టకండి, మొదటి సెకనులోనే ఆట కనిపించాలి. పోస్టులు స్టీమ్ పేజీలోనే పెట్టండి, తర్వాత మిగతాచోట్లకు లింకులివ్వండి. డిస్కార్డ్‌లో మాత్రమే రాస్తే అది రెండు రోజుల్లో కిందికి వెళ్ళిపోతుంది, కొత్తగా వచ్చినవాడికి దొరకదు.

ఇక వాగ్దానాల సంగతి. రోడ్‌మ్యాప్ వద్దని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఆస్ట్రేలియాలో అడిలైడ్ నగరానికి చెందిన టీమ్ చెర్రీ 2014 చివర్లో ‘హాలో నైట్’ గేమ్ కోసం, జనం దగ్గర నిధులు సేకరించే కిక్‌స్టార్టర్ సైట్‌లో ప్రాజెక్టు పెట్టింది. 57 వేల ఆస్ట్రేలియన్ డాలర్ల పైచిలుకు వచ్చాయి. ఇంత మొత్తం దాటితే ఇది కూడా ఇస్తాం అనే స్ట్రెచ్ గోల్స్‌లో, హార్నెట్ అనే పాత్రతో ఆడుకునే అవకాశం ఒకటి. హాలో నైట్ 2017 ఫిబ్రవరి 24న వచ్చింది. ఆ హార్నెట్ భాగం పెరిగి పెరిగి ఒక పూర్తి గేమ్ అయింది. 2019 ఫిబ్రవరిలో ‘సిల్క్‌సాంగ్’ పేరుతో ప్రకటించారు. అది ఆటగాళ్ళ చేతికి వచ్చింది 2025 సెప్టెంబరు 4న. నిధుల సేకరణ పేజీలో ఒక పంక్తిగా మొదలైనది తీరడానికి దాదాపు పదకొండేళ్ళు పట్టింది. వాళ్ళు దాన్ని గొప్పగా తీర్చారు, నాకు వాళ్ళంటే చాలా గౌరవం. కానీ మొదటి గేమ్ కోటికి పైగా కాపీలు అమ్ముడైంది కాబట్టే వాళ్ళకు ఆ తీరిక దొరికింది. మీ బ్యాంకులో ఉన్న డబ్బుతో అలాంటి పంక్తి ఒక్కటి కూడా రాయలేరు.

‘మరి టీమ్ చెర్రీ అన్నేళ్ళు దాదాపు ఏమీ మాట్లాడలేదు కదా, అయినా అంత పెద్ద హిట్ అయింది కదా’ అని మీరు అడగొచ్చు. మీ మూడో ఆలోచన అదే. వాళ్ళ మౌనాన్ని జనం మోశారు. రోజూ ‘ఈరోజూ వార్త లేదు’ అని మాట్లాడుకోవడమే ఒక ఆట అయిపోయింది. మీ మౌనాన్ని మోయడానికి అలాంటి జనం మీకు లేరు. 2024లో స్టీమ్‌లో 18 వేలకు పైగా గేములు వచ్చాయి. ఆ గుంపులో మీరు ఏడాది మాట్లాడకపోతే ఎవరూ ఎదురుచూడరు, మర్చిపోతారు. పెద్దవాళ్ళు చేసిందల్లా మనకు పనికిరాదు.

ఇటువైపు ఇంకో కథ ఉంది, మాట ముందుకు పరిగెత్తిన కథ. ఇంగ్లండ్‌లో గిల్డ్‌ఫర్డ్‌కి చెందిన హెలో గేమ్స్, వాళ్ళ అంతరిక్ష గేమ్ ‘నో మ్యాన్స్ స్కై’. 2013 డిసెంబరులో మొదటి ట్రైలర్ చూపించినప్పుడు వాళ్ళు చాలా చిన్న టీమ్. అక్కడి నుంచి 2016 ఆగస్టు రిలీజ్ దాకా స్టూడియో తరఫున షాన్ మర్రే ఎన్నో ఇంటర్వ్యూలు ఇచ్చారు. ప్రతిదానిలోనూ గేమ్‌లో ఏమేం ఉంటాయో చెప్తూ పోయారు. వేరే ఆటగాళ్ళు ఎదురుపడతారా అని అడిగితే విశ్వం అంత పెద్దది కాబట్టి అది చాలా అరుదు అన్న ధోరణిలో జవాబిచ్చారు. రిలీజ్ అయిన రోజే ఇద్దరు ఆటగాళ్ళు ఒకే గ్రహం మీద ఒకే చోటికి వెళ్ళి నిలబడ్డారు, ఒకరికొకరు కనిపించలేదు. ఆ తర్వాత జరిగిన గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. స్టీమ్ పేజీలోని బొమ్మలు, వీడియోలు మోసం చేస్తున్నాయంటూ బ్రిటన్ ప్రకటనల ప్రమాణాల సంస్థకు ఫిర్యాదులు వెళ్ళాయి. విచారణ తర్వాత తప్పులేదని తేల్చారు, కానీ అప్పటికే పరువు పోయింది.

వాళ్ళు బయటపడిన తీరు మాత్రం పాఠం లాంటిది. ఇంటర్వ్యూలు ఆపేశారు. 2016 నవంబరులో ‘ఫౌండేషన్’ అప్‌డేట్ ఇచ్చారు. 2018 జులైలో ‘నెక్స్ట్’ పేరుతో అసలైన మల్టీప్లేయర్ ఇచ్చారు. ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి ఉచితంగా అప్‌డేట్లు ఇస్తూనే ఉన్నారు. మొదట్లో ఎరుపెక్కిన స్టీమ్ రివ్యూలు 2024 నాటికి ‘వెరీ పాజిటివ్’ అయ్యాయి. వాళ్ళ పద్ధతి ఏమిటంటే, అప్‌డేట్ దాదాపు తయారయ్యాకే నోరు విప్పడం. చెప్పిన కొద్దిరోజుల్లోనే, ఒక్కోసారి చెప్పిన రోజే, జనం చేతిలో పెట్టడం. మీరు మొదటి రోజు నుంచే ఆ పద్ధతిలో ఉండొచ్చు, అంత దెబ్బ తిని నేర్చుకోనక్కర్లేదు.

రోడ్‌మ్యాప్ మీ లోపలికి మాత్రం కావాలి. ఒక స్ప్రెడ్‌షీట్ చాలు. ఇది లేకపోతే గేమే లేదు అన్నవి ఒక వరసలో, ఉంటే బాగుంటుంది అన్నవి ఇంకో వరసలో రాసుకోండి. రెండో వరసలోవి సగానికి పైగా కోసేయాల్సి వస్తుందని ఇప్పుడే మనసు సిద్ధం చేసుకోండి. బయటికి చెప్పలేదు కాబట్టి కోసినా ఎవరూ బాధపడరు. రోడ్‌మ్యాప్ గుట్టుగా ఉంచుకోవడంలో అసలు లాభం ఇదే.

ఇప్పుడు తేదీ. సంక్రాంతి అన్న ఆయనకు కోపం రాకుండా చెప్పాలి. తేదీ ఆశతో రాదు, లెక్కతో వస్తుంది. గత మూడు నెలల్లో ఎన్ని లెవెల్స్ నిజంగా పూర్తయ్యాయో చూడండి. పూర్తి అంటే గీసి పెట్టినవి కాదు. శత్రువులు, శబ్దాలు, సేవ్ పాయింట్లు, కంట్రోలర్ సపోర్టు అన్నీ పెట్టి, టీమ్ బయటి మనిషి ఒకరు మొదటి నుంచి చివరిదాకా ఆడగలిగినవి. నెలకు రెండు పూర్తవుతూ, ఇంకా పది మిగిలి ఉంటే, అది ఐదు నెలలు. దాని మీద బగ్గులకు, బ్యాలెన్సింగ్‌కి కనీసం రెండు మూడు నెలలు. కొత్తవి చేర్చడం పూర్తిగా ఆపేసిన రోజు ఒకటి రావాలి. ఆ రోజు వచ్చి, బయటివాళ్ళు గేమ్‌ను చివరిదాకా ఆడేశాక, మిగిలినవి బగ్గులు మాత్రమే అని తేలాక, అప్పుడు తేదీ అనుకోండి. శుభలేఖలు పంచాక ముహూర్తం మార్చడం ఎంత తలనొప్పో, ప్రకటించాక తేదీ మార్చడమూ అంతే. అడిగిన ప్రతివాడికీ మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోవాలి.

అప్పటిదాకా స్టీమ్ పేజీలో ‘త్వరలో’ అనో, సంవత్సరం మాత్రమేనో చూపించొచ్చు. నెల, త్రైమాసికం, కచ్చితమైన తేదీ, ఏది కనిపించాలో మీరే ఎంచుకునే వీలుంది. లోపల ఒక తేదీ వేసి బయటికి ‘2026’ అని మాత్రమే చూపించడంలో తప్పేమీ లేదు. కాకపోతే, రిలీజ్‌కి రెండు వారాల లోపు పడ్డాక తేదీని మీ అంతట మీరు మార్చుకోలేరు, స్టీమ్ నడిపే వాల్వ్ వాళ్ళకు రాసి అడగాలి. స్టోర్ పేజీకి, బిల్డ్‌కి (మీరు ఎక్కించే గేమ్‌కి) వాళ్ళు వేరువేరుగా చేసే రివ్యూ ఉంటుంది. మామూలుగా మూడు నుంచి ఐదు పనిదినాలు పడుతుంది. ఏదైనా తప్పు చూపిస్తే సరిచేసి మళ్ళీ పంపాలి. కాబట్టి చివరి వారానికి అది వదిలేయకండి, కనీసం రెండు వారాల ముందే పని ముగించేయండి.

అన్నిటికన్నా పెద్ద నిర్ణయం నెక్స్ట్ ఫెస్ట్, అంటే రాబోయే గేముల డెమోలతో స్టీమ్ జరిపే పండగ. ఏడాదికి మూడుసార్లు జరుగుతుంది: ఫిబ్రవరి, జూన్, అక్టోబరు. ఒక గేమ్‌కు ఒక్కసారే అవకాశం. రిలీజ్ కాని గేములకే. ఇక్కడే చాలామంది తొందరపడతారు. సగం తయారైన డెమోతో వెళ్ళి, ఉన్న ఒక్క అవకాశాన్నీ వాడేసుకుని, రిలీజ్ నాటికి చేతిలో ఏమీ లేకుండా మిగులుతారు. మీ రిలీజ్‌కి సరిగ్గా ముందు వచ్చే ఫెస్ట్ ఏదో దానికే వెళ్ళండి. డెమోను ఫెస్ట్ కన్నా కొన్ని వారాల ముందే పేజీలో పెట్టేయండి. డెమో వచ్చిందని విష్‌లిస్ట్ చేసినవాళ్ళకు ఒకసారి మెయిల్ పంపే వీలు స్టీమ్ 2024లో తెచ్చింది. దాన్ని వాడుకుంటే ఫెస్ట్ మొదలయ్యేనాటికే క్రాష్‌లు దొరికిపోతాయి. ఫెస్ట్‌కి రిజిస్ట్రేషన్ చాలా ముందే మూసేస్తారు, ఆ తేదీలు ఇవాళే చూసి పెట్టుకోండి.

మన దేశంలో గేములు చేసేవాళ్ళ సదస్సు ఐజీడీసీకి మీరు వెళ్ళే ఉంటారు. అలాంటి చోట మీ బిల్డ్‌ను తెలియనివాళ్ళ చేతికిచ్చి పక్కన నిలబడి చూడండి. వివరించకండి, చేతులు మాత్రమే చూడండి. ఎక్కడ ఆగిపోతున్నారో కనిపిస్తుంది. మన నగరం నుంచే ఓగర్ హెడ్ స్టూడియో 2017లో ‘అసుర’ను స్టీమ్‌కి తెచ్చింది, అంటే దారి కొత్తదేమీ కాదు. అలాంటి సదస్సులో దొరికే అనుభవజ్ఞులను మొహమాటపడకుండా అడగండి, చెప్తారు.

ఏ రోజున రిలీజ్ చేయాలన్నది కూడా చిన్న విషయం కాదు. ఫ్యాక్టోరియో పూర్తి రూపమైన 1.0ని 2020 సెప్టెంబరు 25న ఇవ్వాలనుకున్నారు. సైబర్‌పంక్ 2077 అనే పెద్ద గేమ్ సెప్టెంబరు 17కి ఖరారైందని తెలిసి, తమ తేదీని ఆరు వారాలు ముందుకు జరిపి ఆగస్టు 14న ఇచ్చేశారు. తర్వాత సైబర్‌పంక్ వాయిదాల మీద వాయిదాలు పడి డిసెంబరుకు వెళ్ళిపోయింది, అది వేరే సంగతి. నేను చెప్పదలుచుకున్నది ఏమిటంటే, తేదీని వెనక్కి జరిపేవాళ్ళను చాలామందిని చూస్తాం, ముందుకు జరపగలిగింది మాత్రం పని పూర్తయి ఉన్నవాళ్ళే. సిల్క్‌సాంగ్ విషయంలో దీనికి తిరగేసి జరిగింది. రెండు వారాల ముందు, ఆగస్టు 21న తేదీ చెప్పారు. సెప్టెంబరు మొదట్లో రావాల్సిన చిన్న గేములు చాలా పక్కకు తప్పుకున్నాయి. సెప్టెంబరు 3న రావాల్సిన ‘డీమన్‌స్కూల్’ నవంబరు 19కి వెళ్ళింది. నాలుగో తేదీన సిల్క్‌సాంగ్ వచ్చినప్పుడు స్టీమ్‌తో పాటు కన్సోల్ స్టోర్లు కూడా కాసేపు కుప్పకూలాయి. ఆ పూట పక్కన ఇంకో గేమ్ రిలీజ్ చేసి ఉంటే కొనేవాడికి పేజీ కూడా తెరుచుకునేది కాదు. తప్పుకోవడం సిగ్గుపడే పని కాదు.

సంక్రాంతి మాటకొస్తే, తెలుగు సినిమాకి అది సీజన్. స్టీమ్‌లో కొనేవాళ్ళలో ఎక్కువమంది అమెరికా, యూరప్, చైనాల్లో ఉంటారు, వాళ్ళకు ఆ పండగ తెలియదు. డిసెంబరు చివర్లో వింటర్ సేల్‌లో జేబులు ఖాళీ చేసుకుని జనవరిలో కూర్చుని ఉంటారు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ వారంలో మీ నలుగురిలో ఇద్దరైనా పండక్కి సొంతూరు వెళ్ళి ఉంటారు. రిలీజ్ తర్వాతి మూడు రోజులు టీమ్ మొత్తం కంప్యూటర్ల ముందు ఉండాల్సిన రోజులు. స్టీమ్‌లో చాలా గేములు పసిఫిక్ సమయం ఉదయం పదికి వస్తాయి. మనకది వేసవిలో రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. మీ మొదటి క్రాష్ రిపోర్టు అర్ధరాత్రి వస్తుంది. కొన్నవాడు రెండు గంటల లోపు ఆడి ఉంటే, పద్నాలుగు రోజుల లోపు అడిగితే డబ్బు వెనక్కి వెళ్ళిపోతుంది. తెల్లవారాక చూద్దాం అనుకుంటే కుదరదు. అందుకే మంగళ, బుధ, గురువారాల్లో చేయండి. శుక్రవారం వద్దు. షిఫ్టులు ముందే పంచుకోండి, ఇద్దరు రాత్రికి, ఇద్దరు పగటికి.

ఎర్లీ యాక్సెస్, అంటే పూర్తికాని గేమ్‌నే ముందుగా అమ్మడం గురించి మీరు పక్కన అడిగారు. మీ గేమ్‌కి వద్దంటాను. ‘హేడీస్’ చేసిన సూపర్‌జయంట్ వాళ్ళు 2018 డిసెంబరులో ఎర్లీ యాక్సెస్‌లోకి వచ్చి, 2020 సెప్టెంబరు 17న 1.0 ఇచ్చారు. తర్వాతి పెద్ద అప్‌డేట్ ఎన్ని రోజుల్లో వస్తుందో గేమ్ మెనూలోనే చూపించేవారు. కానీ అది మళ్ళీ మళ్ళీ మొదటి నుంచి ఆడే గేమ్. పైగా అప్పటికే మూడు గేములు చేసి అనుభవం ఉన్న టీమ్. కథతో ఒకసారి ఆడి ముగించే మీలాంటి గేమ్‌ను సగంలో అమ్మితే, ఆడినవాడు పూర్తయ్యాక తిరిగిరాడు. వాల్వ్ తన నిబంధనల్లోనే చెప్తుంది, అమ్మకాలు పెద్దగా లేకపోయినా గేమ్ పూర్తిచేయగల స్తోమత ఉంటేనే ఎర్లీ యాక్సెస్‌కి రమ్మని, భవిష్యత్తు గురించి కచ్చితమైన వాగ్దానాలు చేయొద్దని. డబ్బు అయిపోతోంది కాబట్టి ఎర్లీ యాక్సెస్ అనుకుంటుంటే, సరిగ్గా అందుకే వద్దు.

డబ్బు మాట వచ్చింది కాబట్టి ఒకటి. రిలీజ్ రోజున డబ్బు రాదు. ఒక నెల అమ్మకాల డబ్బు మరుసటి నెల చివరికి వస్తుంది. మార్చి మొదటి వారంలో రిలీజ్ చేస్తే ఏప్రిల్ చివరికి గానీ బ్యాంకులో కనిపించదు. స్టీమ్ వాటా మామూలుగా 30 శాతం. అమెరికా అమ్మకాల మీద అక్కడి పన్ను కోత కూడా ఉంటుంది. అమెరికా పన్ను ఫారం డబ్ల్యూ-8 సరిగ్గా నింపి, పాన్ ఇచ్చి, రెండు దేశాల పన్ను ఒప్పందం కింద క్లెయిమ్ చేస్తే రాయల్టీ మీద అది 30 నుంచి 15 శాతానికి తగ్గుతుంది. దీన్ని మీ సీఏతో ముందే మాట్లాడి పెట్టుకోండి. మీ రిలీజ్ తేదీ తర్వాత కనీసం మూడు నెలల జీతాలు చేతిలో ఉన్నాయో లేదో చూసుకున్నాకే తేదీ ఖాయం చేయండి. కిక్‌స్టార్టర్ ఆలోచన ఉంటే వదిలేయండి, ఇండియా నుంచి ప్రాజెక్టు పెట్టడానికి వాళ్ళు అనుమతించరు.

కన్సోల్స్ తర్వాత చూసుకోవచ్చు. పుణెలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ చేసిన ‘రాజీ’ గేమ్‌నే చూడండి. 2020 ఆగస్టులో ముందు నింటెండో స్విచ్ మీద వచ్చింది. పీసీ, మిగతా కన్సోల్స్ మీదికి అక్టోబరులో వచ్చింది. అన్నీ ఒకే రోజు రావాలన్న నియమం లేదు. ప్రతి కన్సోల్‌కీ సర్టిఫికేషన్ (ఆ కంపెనీ చేసే తనిఖీ) వేరు, తిప్పి పంపితే వారాలు పోతాయి. ‘అన్ని ప్లాట్‌ఫాంల మీదా ఒకేసారి’ అని ముందే ప్రకటించి, ఒక్కదాని కోసం మిగతావన్నీ ఆపుకున్న టీములను చూశాను.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా తేదీ తప్పొచ్చు. అప్పుడు వెంటనే చెప్పండి, తప్పుతుందని మీకు తెలిసిన వారంలోనే. చివరి రోజు దాకా లాగకండి. 2023 మేలో సిల్క్‌సాంగ్ వాయిదా చెప్పిన తీరు చూడండి. ఆ ఏడాది మొదటి సగంలో ఇవ్వాలనుకున్నామని, పని ఇంకా జరుగుతోందని, గేమ్ పెద్దదైందని, బాగా చేయడానికి సమయం తీసుకుంటున్నామని, రిలీజ్ దగ్గరపడ్డాక వివరాలు చెప్తామని నాలుగు ముక్కల్లో చెప్పారు. మీరూ అలాగే రాయండి. ఏం పూర్తికాలేదో పేరుపెట్టి చెప్పండి: ‘చివరి బాస్ దగ్గర సేవ్ ఫైల్ పాడవుతోంది, కారణం ఇంకా దొరకలేదు’ అంటే ఎవరూ తిట్టరు. ‘అనివార్య కారణాల వల్ల’ అంటే తిడతారు. వాయిదా చెప్పేటప్పుడే కొత్త తేదీ ఇవ్వాలని ఒత్తిడి అనిపిస్తుంది. ఇవ్వకండి. రెండోసారి తప్పితే ఆ తర్వాత మీరు చెప్పిన ఏ తేదీనీ ఎవరూ నమ్మరు.

డిస్కార్డ్‌లో ‘రిలీజ్ ఎప్పుడు’ అన్నవాడికి పిన్ చేసిన ఒక్క జవాబు చాలు: ‘గేమ్‌ను మొదటి నుంచి చివరిదాకా బయటివాళ్ళతో ఆడించి, మిగిలినవి బగ్గులే అనుకున్నాక తేదీ చెప్తాం. అప్పటిదాకా ప్రతి నెలా మొదటి వారంలో ఏం చేశామో ఇక్కడ పెడతాం.’ ఇందులో ఉన్న ఒకే ఒక్క వాగ్దానం నెలకో పోస్టు. అది మీ చేతిలో ఉన్నదే, నిలబెట్టుకోగలిగిందే.

మీరు రాయనిది ఒకటుంది: డెమో ఎంతసేపు వస్తోంది, బయటివాళ్ళలో ఎంతమంది దాన్ని చివరిదాకా ఆడుతున్నారు? లెవెల్స్‌లో నిజంగా పూర్తయినవి ఎన్ని, మిగిలినవి ఎన్ని అన్నది కూడా చెప్తే, ఫిబ్రవరి ఫెస్ట్‌కి వెళ్ళాలా, జూన్ దాకా ఆగాలా అన్నది ఇక్కడే కింద లెక్కవేసి చెప్తాను.